పది రూపాయల బిళ్ళకు పూచీ

నేను ఉండేది కామారెడ్డిలో, పాఠాలు చెప్పేది ఎల్లారెడ్డిలో. ఒక జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం అధ్యాపకుణ్ణి. పొద్దున బస్సెక్కి పోతాను, సాయంత్రం బస్సెక్కి వస్తాను. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక ఆ బస్సులో టికెట్టు కొనేది మేం కొద్దిమంది మగవాళ్లమే కాబట్టి కండక్టర్లందరికీ నా మొహం బాగా గుర్తు.

ఏటా దసరా సెలవులయ్యాక ద్రవ్యం, బ్యాంకింగ్ పాఠం మొదలుపెడతాను. ద్రవ్యం అంటే ఏమిటి, దాని విధులేమిటి, కేంద్ర బ్యాంకు ఏం చేస్తుంది. ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను కాబట్టి పుస్తకం తెరవాల్సిన పని లేదు. ప్రభుత్వం చెల్లుతుందని ప్రకటించిన నోటును గానీ నాణేన్ని గానీ కాదనే హక్కు ఎవరికీ లేదు, దాన్నే చట్టబద్ధ ద్రవ్యం అంటారు అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీస్తాను. పిల్లలు కూడా తమ నోటుబుక్కుల్లో రెండు గీతలు గీసుకుంటారు. గంట కొడతారు. నేను బయటికొచ్చి బస్టాండు ముందర చాయ్ తాగి పది రూపాయల బిళ్ళ ఇస్తాను. చాయ్ పోసినతను దాన్ని చూసి చేయి వెనక్కి తీసుకుంటాడు.

"ఇది చెల్లదు సార్, వేరేది ఇయ్యిండ్రి."

మా వైపు పది రూపాయల బిళ్ళ ఎప్పుడు చెల్లకుండా పోయిందో ఎవరూ చెప్పలేరు. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. బిళ్ళ మీది గీతలు లెక్కపెట్టి ఎవరో ఒకరు దొంగదన్నారు, ఇంకొకరు నమ్మారు, అంతే. అన్నిటికన్నా ఒళ్లు మండే సంగతి ఏమిటంటే, అది దొంగది కాదని ఇప్పుడు అందరికీ తెలుసు. ఏ దుకాణదారునైనా అడగండి. "చెల్లుతదని నాకు ఎరుకే సార్, కానీ ఎవ్వరు తీసుకుంటలేరు గదా" అంటాడు. ఆ తీసుకోని వాళ్లెవరో పట్టుకుందామని పక్క దుకాణానికి పోతే అక్కడా అదే మాట. కిరాణా కొట్టు, కూరగాయల గంప, ఆటో, సెలూన్ అన్నీ తిరిగి మళ్లీ మొదటి దుకాణం ముందరే తేలతాం. ఎవరికి వాళ్లే మంచివాళ్లు, తప్పంతా పక్కవాడిది.

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో ఆ మాట రోజూ వింటాను. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పాఠం చెప్పేవాడికి ఉండే ఒక జబ్బు నాకూ ఉంది. నాకు తెలిసింది ఎదుటివాళ్లకు తెలియకపోతే ఊరుకోలేను. ఈ రెండూ కలిసి పోయినేడు ఒక ముసలామె బతుకు మీదికి తెచ్చాయి.

ఎల్లారెడ్డి బస్టాండు గేటు పక్కన ఒక అవ్వ ఉడికించిన పల్లికాయ అమ్మేది. పెద్ద సిల్వరు గిన్నె, దాని మీద తడి గోనెసంచి, కొలవడానికి ఒక గిలాస. గిలాసెడు పది రూపాయలు. ముందు రోజు ఉప్పునీళ్లలో నానబెట్టి, తెల్లారి ఉడికించి, మొదటి బస్సులకల్లా గేటు దగ్గర కూర్చునేది. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. కూతురు పెళ్లయి వేరే ఊళ్లో ఉంది. ఒక్కతే మనిషి, తన తిండి తన గిన్నెలోంచి తీసుకుంటుంది. ఎవరిమీదా ఆధారపడలేదని చెప్పుకోవడం ఆమెకు ఇష్టం. సాయంత్రం బస్సెక్కే ముందు గిలాసెడు కొనుక్కోవడం నాకు అలవాటు.

ఆ రోజు నా ముందర ఒకాయన పొట్లం కట్టించుకుని బిళ్ళ చేతిలో పెట్టాడు. అవ్వ బిళ్ళను తిరిగి ఇచ్చేసింది. నోటు లేదన్నాడు. అవ్వ పొట్లం విప్పి పల్లికాయను మళ్లీ గిన్నెలో పోసుకుంది. ఆయన తిట్టుకుంటూ బస్సెక్కాడు. నాకు ఆగలేదు.

"ఎందుకు తీసుకోలేదవ్వా?"

"అది చెల్లదు సారూ."

"ఎవరు చెప్పిండ్రు?"

"అందరు చెప్పవట్టిరి."

"చెల్లుతది. చెల్లదన్నోళ్ల మీదనే కేసు పెట్టొచ్చు."

అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. "కేసు నేను పెడుదునా?" అంది.

"నేనున్న గదా. పిల్లలకు నేను చెప్పే పాఠమే ఇది. నువ్వు ఖుల్లగ తీసుకో. ఏమన్నయితే నాది పూచీ."

ఎంత సులభంగా అన్నానో. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది, దారి పొడుగునా నా మీద నాకే గౌరవం కలిగింది. మర్నాడు కాలేజీ నుంచి ఒక అట్టముక్క తెచ్చి, ఎర్ర స్కెచ్ పెన్నుతో 'ఇక్కడ పది రూపాయల బిళ్ళలు తీసుకుంటాం' అని పెద్ద అక్షరాలతో రాసి ఆమె గొడుగు కర్రకు కట్టాను. అవ్వకు చదువు రాదు. "ఏం రాసినవ్ సారూ?" అని అడిగితే చదివి వినిపించాను. నవ్వింది. "నా దుకాణానికి బోర్డు ఒచ్చింది" అని పక్కన పూలమ్మే ఆమెకు చూపించింది.

మొదటి పది రోజులు బేరం ఎప్పుడూ లేనంత జరిగింది. పదకొండు కొట్టేసరికి గిన్నె ఖాళీ. అవ్వ మధ్యాహ్నం రెండో గిన్నె కూడా ఉడకబెట్టి తెచ్చేది. నేను సాయంత్రం పోతే పొట్లంలో పిడికెడు ఎక్కువ వేసేది. "నీ బోర్డు మంచిగ పనిజేస్తున్నది" అనేది. నేను ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను, స్టాఫ్ రూములో చెప్పాను, క్లాసులో కూడా చెప్పాను. ఒక్క మనిషి ధైర్యం చేస్తే చాలు, బిళ్ళ మళ్లీ నడుస్తుందని.

బేరం ఎందుకు పెరిగిందో నేను ఆలోచించలేదు. ఊళ్లో అందరి ఇళ్లల్లో, టీవీ పక్కన డబ్బాల్లో, దేవుడి పటాల ముందర పడి ఉన్న బిళ్ళలన్నీ అవ్వ దగ్గరికి నడిచి వస్తున్నాయి. తినాలని వచ్చేవాళ్లకన్నా వదిలించుకుందామని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఒకతను ఐదు బిళ్ళలిచ్చి ఒక్క పొట్లం తీసుకుని నలభై రూపాయలు నోట్లలో ఇమ్మన్నాడట. బోర్డు ఉంది గదా అన్నాడట. అవ్వ ఇచ్చింది. అలా ఆమె దగ్గరి నోట్లన్నీ బయటికి పోయి బిళ్ళలన్నీ లోపలికి వచ్చాయి. జనం మంచి డబ్బు దాచుకుని అనుమానం ఉన్న డబ్బు చేతులు మారుస్తారని నేను ఏటా ఐదు మార్కుల ప్రశ్నగా చదివిస్తాను, అదే నా అట్టముక్క కింద జరుగుతుంటే గుర్తుపట్టలేదు.

అవ్వ సరుకు కొనేది కామారెడ్డి గంజ్ మార్కెట్లో. వారానికోసారి బస్సులో వచ్చి ఒక సేటు దగ్గర పచ్చి పల్లికాయ మూట కొనుక్కుని పోయేది. ఆ వారం చీర కొంగులో, చేతిసంచిలో బిళ్ళలు మోసుకుని వచ్చింది. సేటు సంచి మూతి విప్పి చూసి మళ్లీ ముడి వేసి ఇచ్చేశాడు. ఆదివారం కావడంతో నేను ఇంట్లోనే ఉన్నాను. ఎవరినో అడిగి నా ఇల్లు కనుక్కుని వచ్చింది. గుమ్మంలో సంచి దించుతుంటే చప్పుడుకు మా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"సారూ, నువ్వు చెప్పినవని తీసుకున్న. సేటు తీసుకుంటలేడు. నువ్వొచ్చి జర చెప్పు."

చెప్పడానికి నేను చొక్కా వేసుకుని ఉత్సాహంగానే బయలుదేరాను. సేటు నాకు కొద్దిగా తెలిసినవాడే. కుర్చీ వేశాడు. నేను చట్టం చెప్పాను, కేంద్ర బ్యాంకు ప్రకటన ఫోనులో తీసి చూపించాను. ఓపికగా చదివాడు.

"సార్, నేను కాదంటలేను. నేనెవరికియ్యాలె చెప్పుండ్రి. హమాలీ తీసుకోడు. లారీ డ్రైవర్ తీసుకోడు. రైతుకిస్తే నా మొహం మీదనే కొడతడు. మీరు తీసుకునేటోళ్లను చూపిస్తే నేను ఇప్పుడే తీసుకుంట."

 సేటు తన కాటా మీద ఆ సంచి పెట్టాడు, సరదాకి. ఆరున్నర కిలోల దగ్గర తూగింది. తర్వాత మేం లెక్కపెడితే ఎనిమిది వందల నలభై బిళ్ళలు. ఎనిమిది వేల నాలుగు వందలు. అవ్వ దగ్గర ఉన్న పెట్టుబడి మొత్తం అదే. ఇంట్లో దాచుకున్నది ఇంకేమీ లేదు. ఆ డబ్బు కదిలితేనే గిన్నె పొయ్యి మీదికి ఎక్కుతుంది. ఆ రోజు ఆమె ఖాళీ చేతులతో ఎల్లారెడ్డి బస్సెక్కింది.

సోమవారం సెలవు పెట్టి ఆమెను వెంటబెట్టుకుని ఎల్లారెడ్డిలో ఒక బ్యాంకుకు పోయాను. బ్యాంకులైతే నాణేలు తీసుకోవాలి, కాదనకూడదు. ఇది నేను పాఠంలో చెప్పేదే. క్యాష్ కౌంటర్లో అమ్మాయి సంచిని చూసి, "లెక్కపెట్టే మనిషి లేడు సార్, మేనేజర్ను కలవండి" అంది. మేనేజర్ చిన్నవాడు, బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు. లేచి నిలబడి నమస్తే పెట్టాడు. అవ్వను కూడా కూర్చోమన్నాడు. అది చూసి నాకు ఆశ కలిగింది.

"అవ్వకు మా బ్రాంచిలో ఖాతా ఉందా సార్?"

ఉంది. ఎప్పుడో తెరిచినది, ఏళ్లుగా వాడలేదు కాబట్టి నిద్రపోయింది. దాన్ని లేపాలంటే వేలిముద్ర కావాలి. అవ్వ బొటనవేలు యంత్రం మీద పెట్టింది. పట్టలేదు. రెండో వేలు పెట్టింది. తుడిచి పెట్టింది. ఏళ్ల తరబడి వేడి ఉప్పునీళ్లలో పల్లికాయ కలిపిన చేతులవి, గీతలు ఎక్కడుంటాయి? యంత్రం ప్రతిసారీ ఎర్రగా వెలిగింది. ఆధార్ కేంద్రానికి పోయి ముద్రలు కొత్తగా వేయించుకుని రమ్మన్నారు. అక్కడా పట్టకపోతే ఏం చేయాలో వాళ్లకే తెలియదు.

"ఖాతా లేకుండా బిళ్ళలకు నోట్లు మార్చియ్యొచ్చు గదా" అన్నాను. ఫోను తీసి సర్క్యులర్ చూపించబోయాను.

"ఆ సర్క్యులర్ నాకూ వచ్చింది సార్" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అలసిపోయినట్టు అన్నాడు. లోపలి గది వైపు చూపించాడు. గోడ పక్కన కుట్టిన సంచులు వరసగా ఉన్నాయి. "అన్నీ బిళ్ళలే. నేను రాకముందు నుంచీ ఉన్నాయి. పైకి పంపిస్తే పెద్ద బ్రాంచిలో జాగ లేదంటారు. ఇక్కడ ఎవరికైనా ఇస్తే తీసుకోరు. మీరు చెప్పేది కరెక్టే సార్. కానీ నేనేం చెయ్యాలె?"

ఆ మాట విన్నాక నాకు పిచ్చి కోపం వచ్చింది. ఆ కుర్రవాడి మీద కాదు, అయినా గొంతు అతని మీదే లేచింది. చాయ్‌వాలా చెల్లుతుందంటాడు, సేటు చెల్లుతుందంటాడు, మేనేజర్ చెల్లుతుందంటాడు. ఒక్కరు కూడా చేయి చాపరు. అవ్వ నా చొక్కా చేయి పట్టుకుని లాగింది. "పోదాం తియ్యి సారూ, పిలగాడేం జేస్తడు" అంది. ఆరున్నర కిలోల సంచి నేనే మోసుకుని బయటికొచ్చాను.

ఆ రాత్రి భోజనం ముందర ఒక ఉత్తరం మొదలుపెట్టి రెండు రోజుల్లో నాలుగు పేజీలు రాశాను. కేంద్ర బ్యాంకుకు. అందులో ఏం రాశానో నాకిప్పటికీ దాదాపు నోటికి వచ్చు. వడ్డీ పావు శాతం పెంచాలా తగ్గించాలా అని రెండు నెలలకోసారి పెద్దలందరూ కూర్చుంటారు, టీవీల్లో రోజంతా అదే చర్చ. మంచిదే, కూర్చోండి. కానీ మీరు విడుదల చేసిన పది రూపాయలు ఒక మండల కేంద్రంలో పది రూపాయలుగా ఎందుకు లేవో ఒక్క పూట కూర్చుని ఆలోచించండి. ఆ బిళ్ళ తయారుచేయడానికి పది రూపాయలు ఖర్చు కాదు, మిగిలిన లాభం ఖజానాకు పోతుంది. లాభం మీకు, అది చెల్లకపోతే నష్టం పల్లికాయ అమ్మే మనిషికా? ద్రవ్యం ఊరి బోరింగులాంటి ప్రజల వస్తువు. పాడైతే బాగుచేయాల్సింది వేసినవాళ్లు, నీళ్లకు వచ్చినవాళ్లు కాదు. ప్రతి మండల కేంద్రంలో ఒక కిటికీ పెట్టండి. ఖాతా అడగకుండా, వేలు అడగకుండా, బిళ్ళ ఇస్తే నోటు, నోటు ఇస్తే బిళ్ళ ఇవ్వండి. అట్లాంటి కిటికీ ఒకటుందని తెలిస్తే చాలు, సగం మంది అసలు దాని దగ్గరికే పోరు, తమలో తాము బిళ్ళలు తీసుకోవడం మొదలుపెడతారు. మీ బోర్డులో పరిశ్రమల వాళ్లుంటారు, చదువుకున్నవాళ్లుంటారు. పొద్దంతా చిల్లర లెక్కపెట్టే చేతులున్న ఒక్క మనిషిని కూడా ఎందుకు కూర్చోబెట్టరు?

ఇంకొక పేజీ నోట్ల రద్దు గురించి రాశాను. అప్పుడు ఒక్క సాయంత్రం మాటతో పెద్ద నోట్లు చెల్లవన్నారు. ఆ మాట రాత్రికి రాత్రే మారుమూల తండాకు కూడా చేరింది. అవ్వ మూడు రోజులు లైన్లో నిలబడి తన నాలుగు నోట్లు మార్చుకుంది. చెల్లదన్న మాటను అంత వేగంగా మోసినవాళ్లు చెల్లుతుందన్న మాటను ఇన్నేళ్లలో మా బస్టాండు దాకా తేలేకపోయారు. ఫోనులో మెసేజ్ పంపితే అయిపోయిందనుకున్నారు. ఒకసారి కాలిన జనం చేతిలోని డబ్బును నమ్మడం మానేస్తే అది జనం మూఢత్వం కాదు, మీరు నేర్పిన పాఠమే అని రాశాను. ఆ వాక్యం రాసినప్పుడు చాలా తృప్తిగా అనిపించింది. అవ్వ పొయ్యి వెలగక అప్పటికి నాలుగో రోజు.

ఉత్తరానికి జవాబుగా మొదట ఒక ఫిర్యాదు నంబరు వచ్చింది. తర్వాత కొద్ది రోజులకు, నా ఫిర్యాదు పరిష్కారమైందనీ, సేవలు ఎలా ఉన్నాయో ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయమనీ ఇంకో మెసేజ్ వచ్చింది. నేను మార్కులు వేసే ఉద్యోగంలోనే ఉన్నాను. సున్నా వేద్దామంటే అందులో సున్నా లేదు.

ఇదంతా చదివేవాళ్లు ఒక మాట అడుగుతారు. పూచీ పడ్డవాడివి, నీ జేబులోంచి నోట్లు ఇచ్చి ఆ బిళ్ళలన్నీ నువ్వే తీసుకోవచ్చు గదా అని. రెండు వందల బిళ్ళలు తీసుకున్నాను. రెండు వేలు ఇచ్చాను. అవి ఆమె ఇంటి కిరాయికీ, కట్టెల బాకీకే సరిపోయాయి. ఆ సంచి చూసి మా ఆవిడ, "జీతం తెమ్మంటే బిళ్ళలు తెచ్చినవ్. రేపు పాలాయనకు నువ్వే ఇయ్యి" అంది. పాలాయన తీసుకోలేదు. మా వీధి కిరాణా ఆయన నా మొహమాటానికి రెండు తీసుకుని మూడోసారి చేతులు జోడించాడు. పెట్రోలు బంకులో పది ఇస్తే ఆ అబ్బాయి వాటిని లెక్కపెడుతున్నంతసేపు వెనక బండ్ల హారన్లు మోగాయి. నెల చివర. ఇంటి లోను కిస్తీ కట్టాల్సి ఉంది. అయినా అవ్వ దగ్గరికి పోయి మిగిలినవి కూడా తీసుకుంటానన్నాను.

అవ్వ ఒప్పుకోలేదు. "నా మీద పడ్డది నీ మీద పడేసి నేను అన్నం తినాల్నా? నీ పిల్లల ఫీజుల పైసలు నాకెందుకు సారూ" అంది.

నేను రెండోసారి అడగలేదు. ఆమె వద్దన్నప్పుడు నా గుండె తేలికైంది. ఈ మాట మా ఆవిడకు కూడా చెప్పలేదు. నా ఉత్తరం కన్నా, నా సర్క్యులర్ల కన్నా, ఆ క్షణం తేలికపడినందుకే నామీద నాకు ఎక్కువ అసహ్యం.

తొమ్మిదో రోజు సాయంత్రం బస్టాండుకు పోయేసరికి అవ్వ పక్కన ఒక భాయ్ కూర్చుని ఉన్నాడు. జుక్కల్ వైపు మనిషి, బస్సుల్లో తిరుగుతూ దుప్పట్లు, లుంగీలు అమ్ముతాడు. వారానికోసారి సరిహద్దు దాటి మహారాష్ట్ర సంతలకు పోతాడు. ఆయన ముందర తువ్వాల పరిచి ఉంది. అవ్వ దాని మీద బిళ్ళలు పదేసి చొప్పున దొంతరలు పేరుస్తున్నది. నేనడిగితే భాయే చెప్పాడు, దాచుకోకుండా.

"అక్కడ అందరు తీసుకుంటరు సార్. చాయ్‌కిస్తే చాయ్ పోస్తరు, బస్సులకిస్తే టికెట్ గొడతరు. ఇక్కడ ఒక్కొక్కటి ఎనిమిది రూపాయలకు తీసుకుంటున్న."

"పది రూపాయల బిళ్ళ ఎనిమిదికా?"

"మోత ఉంది గదా సార్. బస్సు కిరాయి ఉంది. అక్కడ గూడ ఇన్ని ఒక్కసారే ఇస్తే అడుగుతరు. వద్దంటే నేను పోత."

అదే ప్రభుత్వం, అదే టంకశాల, అదే బిళ్ళ. మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణం అవతల పది, ఇక్కడ సున్నా, ఈ భాయ్ చేతిలో ఎనిమిది. వేరే దేశం డబ్బు మార్చుకున్నట్టు, సొంత దేశం బిళ్ళకు మారకం రేటు. నేను అరిచాను. ఇది నేరమన్నాను, పోలీసులను పిలుస్తానన్నాను. జనం మూగారు. భాయ్ భయపడి తువ్వాల మడవబోయాడు. అప్పుడు అవ్వ నా మీద గట్టిగా లేచింది. అప్పటిదాకా ఆమె నాతో అట్లా మాట్లాడలేదు.

"నువ్వూకో సారూ. తొమ్మిది దినాలాయె, నా గిన్నె ఎండిపోయింది. గీయన ఒక్కడే తీసుకుంటనన్నడు. గీయన్ను గూడ ఎల్లగొడతవా? నీ పాఠం నీ పిల్లలకు చెప్పుకో."

ఆరు వందల నలభై బిళ్ళలు. ఐదు వేల నూట ఇరవై రూపాయలు, అన్నీ నోట్లు. పన్నెండు వందల ఎనభై పోయింది. భాయ్ సంచి భుజాన వేసుకుని, నాకు సలాం చెప్పి మరీ వెళ్లాడు. నిజం చెప్పాలంటే, కేంద్ర బ్యాంకు పెట్టాల్సిన కిటికీని ఆ ఊళ్లో తెరిచింది ఆయన ఒక్కడే. రూపాయికి ఇరవై పైసలు కోత కోసుకున్నాడు, అంతే.

పోయింది పన్నెండు వందల ఎనభైతో ఆగలేదు. ఆ తొమ్మిది రోజులు గేటు పక్కన జాగ ఖాళీగా ఉండేసరికి మక్క కంకులు కాల్చే బండి ఒకటి వచ్చి నిలబడింది. బండివాడిని కదలమంటే కదలలేదు. జాగ ఎవరి పేరునా రాసి లేదు గదా అన్నాడు. అవ్వ వెనక్కి, ఆటోలు ఆగే చోటుకు జరిగింది. బస్సు దిగినవాళ్లు అక్కడిదాకా రారు. మూట కొనే చోట సగం మూట కొంటున్నది. రెండో గిన్నె మాట ఇక లేనే లేదు. నా అట్టముక్కను ఎప్పుడు తీసేసిందో తెలియదు. నేను అడగలేదు.

నేను రోజూ అక్కడిదాకా నడిచి గిలాసెడు కొంటూనే ఉన్నాను. పది రూపాయల నోటు చాపితే అటూ ఇటూ తిప్పి చూసి తీసుకునేది. పొట్లం చేతిలో పెట్టేది. సారూ అనడం మానేసింది. కోపంగా ఉండేది కాదు, ఏమీ ఉండేది కాదు. బస్సు కోసం నిలబడ్డ ఎవరో ఒకరిని చూసినట్టు చూసేది. ఏదైనా అంటే బాగుండు, తిడితే ఇంకా బాగుండు అనిపించేది.

ఈ మధ్య ఒక సాయంత్రం నేను పోయేసరికి అక్కడ ఒకాయన నిలబడి ఉన్నాడు. వరి నాట్లకు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కూలీ. కాళ్లకు పిక్కల దాకా ఎండిన బురద. పొట్లం కట్టించుకుని పది రూపాయల బిళ్ళ తీసి ఇచ్చాడు. అవ్వ చేయి చాపలేదు.

"చెల్లదు."

ఆయనకు అర్థం కాలేదు. బిళ్ళను తిప్పి చూపించాడు, రెండు వైపులా. మా దగ్గర నడుస్తుంది అని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. ఇంకో జేబు వెతికాడు, ఏమీ లేదు. చుట్టూ చూస్తే నేను కనిపించాను. మెడలో కాలేజీ గుర్తింపు కార్డు, చేతిలో పుస్తకాలు. నన్ను చూసి మొహం విప్పారింది.

"సాబ్, మీరు చెప్పు. ఇది చెల్లుతది, కాదా?"

అవ్వ నా వైపు చూడలేదు. గోనెసంచి సర్దుతున్నట్టు గిన్నె మీద చేతులు పెట్టి తల వంచుకుని ఉంది. ఆ చేతులు కదలడం లేదు. నేనేమంటానా అని వింటున్నదని నాకు తెలిసింది.

"చెల్లదు" అన్నాను. "ఇక్కడ చెల్లదు."

ఆయన బిళ్ళను జేబులో వేసుకుని ఆటోల వైపు వెళ్లిపోయాడు. పిలిచి ఒక పొట్లం కొనిపెట్టాలన్న ఆలోచన ఆయన కనుమరుగయ్యాక వచ్చింది. అవ్వ అప్పుడు తలెత్తింది. గిలాస నింపి, దాని మీద ఇంకో పిడికెడు వేసి పొట్లం కట్టింది.

"తీసుకో సారూ" అంది.

ఎన్ని నెలల తర్వాత ఆ పిలుపో. నోటు ఇచ్చి పొట్లం తీసుకుని బస్సెక్కాను. కామారెడ్డిలో దిగేదాకా పొట్లం విప్పలేదు.